ఏం మారిందో సరే, ఎప్పుడు మారింది?

ఓపెన్ సోర్స్‌లో, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్‌లో, మార్పులను తేదీతో సహా రాసిపెట్టే అలవాటు గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్) కంటే చాలా పాతది. గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో చేంజ్‌లాగ్ అనే ఫైలును చేత్తో రాసేవారు. పై వరుసలో తేదీ, మార్చిన మనిషి పేరు, ఈమెయిల్ ఉండేవి. దాని కింద ఏ ఫైల్లో, ఏ ఫంక్షన్‌లో ఏం మార్చారో రాసేవారు. వాడుకరులు తెలుసుకోవాల్సిన సంగతులకు న్యూస్ అని వేరే ఫైలు ఉండేది. మన కొట్లలో రోజువారీ చిట్టా ఒకటి, ఖాతాలవారీ ఆవర్జా ఒకటి ఉండేవి కదా, ఇంచుమించు అలాగే.

1993లో మొదలైన డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈ పద్ధతిని ఇంకా బిగించింది. ప్రతి ప్యాకేజీకీ (ఇన్‌స్టాల్ చేసుకునేలా కట్టిన సాఫ్ట్‌వేర్ మూటకు) చేంజ్‌లాగ్ ఉండాల్సిందే. ఒక్కో పద్దు ప్యాకేజీ పేరు, వెర్షన్ నంబరుతో మొదలవుతుంది. చివరి వరుసలో రెండు చిన్న గీతలు, బాధ్యుల పేరు, వారం, తేదీ, సెకన్లతో సహా టైము ఉంటాయి. ఇంత పట్టింపు ఎందుకో 2008లో అందరికీ తెలిసొచ్చింది.

అంతకు రెండేళ్ల ముందు, వాల్‌గ్రైండ్ అనే పరీక్షా టూల్ హెచ్చరికలు చూపిస్తోందని డెబియన్‌వాళ్లు తమ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్‌కు వాడే రహస్య కీలను తయారుచేసే సాఫ్ట్‌వేర్) ప్యాకేజీలో కోడ్‌ను కాస్త తీసేశారు. దాంతో కీల తయారీకి వాడే ర్యాండమ్ సంఖ్యల్లో తేడా తెచ్చేది ప్రాసెస్ నంబరు (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే అయింది. ఒక్కో రకం యంత్రంపై, ఒక్కో సైజు కీకి 32 వేల పైచిలుకు రకాలే మిగిలాయి. కూర్చుని అన్నీ ప్రయత్నించి చూడొచ్చు. 2008 మే 13న భద్రతా హెచ్చరిక వచ్చేసరికి సర్వర్లు నడిపేవాళ్లకు ఒకటే టెన్షన్: నా కీ ఎప్పటిది? జవాబు హెచ్చరికలోనే సూటిగా ఉంది. లోపమున్న మొదటి వెర్షన్ 0.9.8సి-1, అది అన్‌స్టేబుల్‌లోకి (డెబియన్‌లో కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే విభాగంలోకి) చేరింది 2006 సెప్టెంబర్ 17న. ఆ వెర్షన్ నుంచి డెబియన్‌లో తయారైన కీలన్నీ పారేసి కొత్తవి చేసుకోవాలి. 2005 జూన్‌లో విడుదలైన సార్జ్ అనే డెబియన్ వెర్షన్‌లో ఈ లోపం లేదు, 2007 ఏప్రిల్‌లో వచ్చిన ఎచ్‌లో ఉంది. ఆ ఒక్క తేదీ రాసి ఉండకపోతే ఎవరు భయపడాలో, ఎవరు అక్కర్లేదో చెప్పడం ఎంత కష్టమయ్యేదో!

డెబియన్ ఆధారంగా తయారైన ఉబుంటు అయితే తేదీనే వెర్షన్ నంబరు చేసేసింది. 2004 అక్టోబర్‌లో వచ్చింది కాబట్టి 4.10. 2006 ఏప్రిల్‌లో రావాల్సిన 6.04 జూన్‌కు జరిగితే, నంబరు కూడా 6.06 అయింది.

2005లో గిట్ వచ్చాక, చరిత్రంతా అందులోనే ఉంటుంటే మళ్లీ చేత్తో రాయడం దేనికన్న ప్రశ్న లేచింది. 2015లో గ్నూవాళ్ల టెక్స్ట్ ఎడిటర్ ఈమాక్స్ కూడా చేంజ్‌లాగ్‌ను చేత్తో రాయడం మానేసి, కమిట్ సందేశాల (గిట్‌లో ప్రతి మార్పుతోనూ రాసే వివరణల) నుంచే తయారు చేసుకోవడం మొదలుపెట్టింది. అందులో తప్పులేదు. కానీ కమిట్ తేదీ వేరు, ఆ మార్పు జనం చేతికి వచ్చిన తేదీ వేరు. నా దృష్టిలో వాడుకరికి కావాల్సింది రెండోది.

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ టూల్ ఉదంతం దీన్ని ఇంకా గట్టిగా చూపించింది. దొంగ కోడ్ 2024 ఫిబ్రవరి 24న 5.6.0 వెర్షన్‌తో, మార్చి 9న 5.6.1తో బయటికొచ్చి, మార్చి 29న పట్టుబడింది. దాన్ని బిల్డ్‌లో చేర్చే ముక్క విడుదల చేసిన టార్‌బాల్‌లోనే (కోడ్ అంతా ఒకటిగా కట్టిన ఫైల్లోనే) ఉంది. గిట్ చరిత్ర మొత్తం చదివినా అది కనపడదు.