మోకాలి వెనక ధమని తెగితే: కొన్ని అపోహలు, వాస్తవాలు

వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్‌గా నేను రోజూ చూసే కాళ్లు షుగర్ ఉన్నవాళ్లవి, సిగరెట్ మానలేనివాళ్లవి. మోకాలి వెనక ఉండే పాప్లిటియల్ ధమని దెబ్బతిన్న కేసులు అరుదు. వస్తే మాత్రం చాలావరకు అర్ధరాత్రే, బైక్ మీంచి పడ్డవాళ్లే.

అపోహ: "పాదం వెచ్చగానే ఉంది సార్, వేళ్లు కదుపుతున్నాడు. ఎముకకే దెబ్బ."

పక్కనుండే సన్న నాళాలు కాసేపు పాదాన్ని వెచ్చగా ఉంచగలవు. అసలు మోసం ఇంకోటుంది. మోకీలు తప్పినప్పుడు ధమని సాగి, లోపలి పొర ఒక్కటే చిట్లొచ్చు. అప్పుడు నాడి అందుతుంది. కొన్ని గంటలకు చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. తప్పిన కీలు దానంతటదే సర్దుకుంటే ఎక్స్‌రేలో ఏమీ కనపడదు కూడా. అందుకే చీలమండ దగ్గరి బీపీని డాప్లర్‌తో, అంటే రక్తప్రవాహాన్ని శబ్దంగా వినిపించే పరికరంతో, చూసి, చేతి బీపీతో భాగిస్తాం. 0.9 కంటే తక్కువొస్తే సీటీ యాంజియో, అంటే రక్తనాళాల స్కాన్. కాలు అప్పటికే చల్లబడి మొద్దుబారితే స్కాన్ కోసం ఆగం, నేరుగా థియేటర్‌కే.

అపోహ: కాలికి రక్తం మళ్లీ పారించడానికి ఆరు గంటల టైముంది.

ఆ లెక్క దెబ్బ తగిలిన నిమిషం నుంచి, మా గేటు దాటినప్పటి నుంచి కాదు. నాటు కట్టుకు రెండు గంటలు, చిన్న ఆస్పత్రిలో ఒక గంట, దారిలో ఇంకో రెండు... అయినా ఆరు అన్నది గీత గీసినట్టు ఉండదు, కండ అంతకు ముందే చావొచ్చు.

అపోహ: ఎముక బిగించాకే నాళం జోలికెళ్లాలి.

తెగిన రెండు కొసల్లో చిన్న ప్లాస్టిక్ గొట్టం, అంటే షంట్, పెట్టి ముందు రక్తం పారనిస్తాం. ఆర్థోవాళ్లు బయటినుంచి రాడ్లు బిగించాక తీరిగ్గా కుడతాం. ఈ వరస మీద థియేటర్‌లో గొడవపడని రాత్రి లేదనుకోండి.

అపోహ: "దెబ్బ ఎడమ కాలికైతే కుడి కాలెందుకు కోశారు?"

దెబ్బతిన్న కాల్లో లోపలి సిర కూడా తెగి ఉండొచ్చు. అప్పుడు రక్తం వెనక్కెళ్లడానికి ఆ కాల్లో చర్మం కిందుండే పైసిరే దిక్కు. అందుకే తెగిన ధమనికి అతుకు వేసే సిర బాగున్న కాల్లోంచి తీస్తాం. దాన్ని తలకిందులు చేసి కుడతాం, లేకపోతే అందులోని కవాటాలు రక్తాన్ని ఆపేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ధమనిని ఎక్కువగా ముడివేసి వదిలేసేవారు. అలాంటి అమెరికన్ సైనికుల్లో నూటికి 70 మందికి పైగా కాలు పోయింది. కొరియా యుద్ధంలో కుట్టడం మొదలుపెట్టాక కాలు పోయేది ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి అన్న స్థాయికి దిగింది.

నాళం లోపల స్టెంట్ (లోహపు జాలీ గొట్టం) వేస్తే సరిపోతుంది కదా అంటారు. మెడ కింద, ఛాతీలో కొన్ని గాయాలకు అదే మేలు. రోజుకు వందలసార్లు మడిచే మోకాలి దగ్గర మాత్రం, ముఖ్యంగా కుర్రవాళ్లకు, నేను సిరనే నమ్ముతాను.

అపోహ: "ఇంత పుండు చేసి కుట్టకుండా వదిలేశారేంటి?"

రక్తం తిరిగి పారగానే పిక్క వాస్తుంది. కండల చుట్టూ ఉన్న గట్టి పొర సాగదు, లోపల ఒత్తిడి పెరిగి కుట్టిన నాళం బాగున్నా కండ చస్తుంది. అందుకే పిక్కకు రెండువైపులా నిలువునా కోసి ఆ పొర కండల్ని విడదీసే నాలుగు గదులూ తెరుస్తాం. మూయడం తర్వాత, అవసరమైతే తొడ చర్మం తెచ్చి. పొర చీల్చగానే కండ ఉబికి బయటికొస్తుంది. ఎర్రగా ఉండి, కాటరీ (కరెంటుతో కోసే పరికరం) తగలగానే అదిరితే బతికున్నట్టు. బూడిదరంగులో కదలకుండా పడుంటే ఆ ముక్క తీసేసి, రెండ్రోజులాగి మళ్లీ తెరిచి చూస్తాం.