సగం ధరకు స్పోర్ట్స్ కారు, బిల్లులు మాత్రం పూర్తి ధరవే: అపోహలు - వాస్తవాలు

స్పోర్ట్స్ కారు కొత్తది కొనాలా, సెకండ్‌హ్యాండ్‌ది కొనాలా అన్నప్పుడు చాలామంది రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూస్తారు. వాడేకొద్దీ కారు ధర తగ్గుతుంది, దాని పార్టుల ధర మాత్రం తగ్గదు. కింది అపోహల్లో సగం ఈ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: కోటిన్నర కారు అరవై లక్షలకు దొరికితే, ఖర్చు కూడా అరవై లక్షల కారుకు అయ్యేంతే.

వాస్తవం: ఖర్చు కోటిన్నర కారుదే. సస్పెన్షన్ ఆర్ములు, హెడ్‌లైట్లు, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ సామాను కొత్త బండికి ఎంతో పాత బండికీ అంతే. పోర్షే కార్లలో పసుపు రంగు కాలిపర్లు (బ్రేకు డిస్కును నొక్కిపట్టే భాగాలు) కనిపిస్తే అవి సాధారణంగా కార్బన్ సిరామిక్ బ్రేకులు. మామూలు ఇనుప డిస్కు అరుగుదల మందం కొలిస్తే తెలిసిపోతుంది. సిరామిక్ డిస్కు మందం పెద్దగా తగ్గకపోయినా, వేడికి లోపలి కార్బన్ కాలి బరువు తగ్గుతుంది. అందుకే కనీస బరువును డిస్కు మీదే ముద్రిస్తారు, విప్పి తూచాలి. నాలుగూ మార్చాల్సి వస్తే ఓ మంచి హ్యాచ్‌బ్యాక్ ధర దాటిపోతుంది.

ఇన్సూరెన్స్ లెక్క కూడా చూడండి. నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపున్న బండికి ఐడీవీ (బీమా కోసం కట్టే బండి విలువ) లెక్కలో 50 శాతం తరుగు తీసేస్తారు. తరుగు తీయకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్ చాలా కంపెనీల్లో ఐదేళ్ల దగ్గర ఆగిపోతుంది. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామానుకు క్లెయిమ్‌లో సగమే వస్తుంది. ఇలాంటి కారులో ముందు తగిలేవి బంపరు, గ్రిల్లు. అవన్నీ ప్లాస్టిక్కే. కొన్న ధరలో కనీసం 10-15 శాతం మొదటి ఏడాది రిపేర్ల కోసం విడిగా పెట్టుకోలేకపోతే, ఒక మెట్టు కింది మోడల్ కొత్తది కొనడం మేలు.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిందంటే బండి బాగున్నట్టే.

వాస్తవం: ఎనిమిదేళ్లలో ఆరు వేల కిలోమీటర్లే తిరిగిన బండి అంటే ఎక్కువ కాలం కవరు కింద నిద్రపోయిన బండి. ఇంజన్ ఆయిల్ కిలోమీటర్లతో పని లేకుండా ఏడాదికోసారి మారాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. ఒకే చోట నిలబడితే టైర్లు ఒకవైపు చదునై, వేగం పెరిగాక స్టీరింగ్ వణుకుతుంది. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే తేమ చేరి ఇంధన పంపు దెబ్బతినొచ్చు. సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్లకంటే తేదీలు ముఖ్యం. మధ్యలో రెండేళ్ల ఖాళీ కనిపిస్తే ధర తగ్గించమని అడగడానికి అదే ఆధారం.

టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూడండి. 3419 అంటే 2019లో 34వ వారం. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటిన టైరును ఈ వేగాలకు నమ్మకూడదు. పోర్షే బాక్స్‌టర్, 911 అయితే ముందు బంపరు గాలి సందుల్లోకి టార్చ్ వేయండి. అక్కడున్న రేడియేటర్లు, ఏసీ కండెన్సర్ల మీద ఆకులు, మట్టి పేరుకుని తడికి తుప్పు పడతాయి. గంట పని మీద లక్షలు ఆధారపడే చోటు ఇది. చాలామంది చూడనే చూడరు.

అపోహ: కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెడితే తప్పులేమీ రాలేదు, కాబట్టి ఇంజన్ బాగుంది.

వాస్తవం: ఫాల్ట్ కోడ్లు చెరపడానికి రెండు నిమిషాలు చాలు. అందుకే రెడీనెస్ మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి) కూడా చదివించాలి. అవి ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే కోడ్లు ఈమధ్యే చెరిపారనో, బ్యాటరీ తీశారనో అర్థం. మళ్లీ పూర్తవడానికి కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది, కాబట్టి వారం తర్వాత మళ్లీ చూడండి. మీటర్ తిప్పారన్న అనుమానముంటే ఇంజన్, గేర్‌బాక్స్ కంప్యూటర్లలో నమోదైన కిలోమీటర్లను డ్యాష్‌బోర్డు అంకెతో పోల్చి చూడాలి.

మాన్యువల్ గేర్ల పోర్షే అయితే ఓవర్‌రెవ్ రిపోర్టు తీయించండి. ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) పరిమితి దాటిన సందర్భాలను చాలా మోడళ్లలో ఇంజన్ కంప్యూటర్ ఆరు స్థాయులుగా, ఇంజన్ ఎన్ని గంటలు నడిచినప్పుడు జరిగాయో సహా దాచుకుంటుంది. కింది స్థాయులు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా వస్తాయి, భయపడక్కర్లేదు. నాలుగు నుంచి ఆరు దాకా ఉన్నవి మాత్రం పైగేరుకు బదులు కిందిగేరు వేసిన గుర్తులు. ఈమధ్యే జరిగి ఉంటే వదిలేయండి. అలాగే 2008 దాకా వచ్చిన బాక్స్‌టర్, కేమన్, 911 కారెరాల్లో ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఇంటర్మీడియెట్ షాఫ్ట్‌ది) విరిగితే ఇంజన్ మొత్తం పోతుంది. టర్బో, జీటీ3 ఇంజన్లు వేరు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లో ఆ బేరింగే లేదు.

అపోహ: పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే యాక్సిడెంట్ బండి దొరికిపోతుంది.

వాస్తవం: కంపెనీ పెయింట్ మామూలుగా 90-150 మైక్రాన్లు ఉంటుంది. పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్ము) అతికిస్తే ఇంకో 150-200 కలుస్తుంది. దాంతో మంచి బండి చెడ్డదిగా కనబడుతుంది, టింకరింగ్ చేసిన బండికి పీపీఎఫ్ మంచి సాకవుతుంది. ప్లాస్టిక్ బంపరు మీద మామూలు మీటర్ పనిచేయదు. అల్యూమినియం ప్యానెళ్లకు ఆ లోహం మీద కొలవగల మీటరే కావాలి. కాబట్టి బండిని ర్యాంప్ ఎక్కించి చూడాల్సిందే. అడుగు కవర్ల స్క్రూలు, బానెట్ బోల్టుల మీద పానా గీతలు, ముందువైపు వెల్డింగులు చూడండి. స్పీడ్ బ్రేకర్లు తగిలి కింద గీతలు పడడం మన రోడ్ల మీద మామూలే. సబ్‌ఫ్రేమ్ (ఇంజన్, సస్పెన్షన్‌ను మోసే చట్రం) వంగితే మాత్రం మామూలు కాదు.

వరద బండ్లు కూడా బజార్లోకి వస్తాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2023 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక వెతకండి. సీటు పట్టాల తుప్పు, కార్పెట్ కింద కనెక్టర్ల పచ్చదనం చూడండి.

అపోహ: ట్యాక్స్ తక్కువ కట్టిన పుదుచ్చేరి రిజిస్ట్రేషన్ బండి చౌక.

వాస్తవం: వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. పాత ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని లైఫ్ ట్యాక్స్ ఇక్కడ కట్టాలి. దాన్ని మీరు కొన్న ధర మీద కాదు, అసలు ఇన్‌వాయిస్ ధర మీద వయసును బట్టి లెక్కిస్తారు. బేరానికి ముందే ఆ అంకె ఆర్టీఏలో కనుక్కోండి. లోను ఉంటే ఫారం 35తో ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తీయించాకే డబ్బు పూర్తిగా ఇవ్వండి.

అపోహ: కొత్తదైతే ఏ గొడవా ఉండదు.

వాస్తవం: వారంటీ ఉన్నంతకాలం తక్కువే. కానీ కంపెనీ ఉంటుందా? ఫోర్డ్ 2016లో 5.0 లీటర్ల వీ8 ముస్టాంగ్ జీటీని ఇక్కడ అమ్మడం మొదలుపెట్టి, 2021లో భారత్‌లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. కొత్తది కొన్నవాళ్లూ పార్టుల కోసం ఎదురుచూడాల్సిన బండి అది. రెండేళ్ల వారంటీ మిగిలిన, కంపెనీ ధ్రువీకరించిన సెకండ్‌హ్యాండ్ బండే మాకు ఎక్కువసార్లు సరైన బేరంగా తోస్తుంది. డెమో బండ్లతో మాత్రం జాగ్రత్త. బీఎండబ్ల్యూ ఎం (స్పోర్ట్స్ మోడల్) కార్లకు 2,000 కిలోమీటర్ల దగ్గర ప్రత్యేక సర్వీసు ఉంటుంది, అప్పటిదాకా ఇంజన్‌ను మెల్లగా నడపాలి. టెస్ట్ డ్రైవ్‌కొచ్చినవాళ్లు అలా నడుపుతారా?

అపోహ: ఆర్సీ మారితే ఇన్సూరెన్స్ తనంతట తానే మారుతుంది.

వాస్తవం: థర్డ్ పార్టీ రక్షణ మాత్రమే బండితో వస్తుంది. ఓన్ డ్యామేజ్ (మీ బండికి జరిగే నష్టం) కోసం 14 రోజుల్లో పాలసీ మీ పేరుకు మార్పించుకోవాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పాత యజమానిది, మీకు రాదు. ఆ తేడా ప్రీమియం కట్టి, పాలసీ కాగితం చేతికొచ్చాకే బండిని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించండి.