పరిగె పొట్టలో నీలి పోగు

వేసవిలో కాలువలు కట్టేశాక బెజవాడలో ఏ వంతెన మీద నిలబడి చూసినా అదే దృశ్యం: బురదలో కూరుకుపోయిన కవర్లు, సీసాలు, చినిగిన వల ముక్కలు. మిగిలిన మడుగుల్లో పరిగెలు, జెల్లలు, కొర్రమీనులు పడతారు. ఆ కవరు ఎండకు పెళుసెక్కుతుంది, నీళ్లొచ్చాక రాపిడికి చితుకుతుంది. ఎంత చిన్న ముక్కైనా మట్టిలో మాత్రం కలవదు. చేప నోటికి అందే సైజుకు దిగుతుంది, అంతే.

ఈ ముక్కల్నే మైక్రోప్లాస్టిక్ అంటారు. పేరు కొత్తది గానీ సంగతి పాతదే. 1972లోనే అమెరికా ఈశాన్య తీరంలో ఎడ్వర్డ్ కార్పెంటర్ బృందం 14 జాతుల చేపల్ని పరీక్షిస్తే 8 జాతులు పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ గుళికలు మింగాయి. నీళ్లలో పారదర్శకమైనవీ తెల్లవీ రెండు రకాలున్నా, చేపలు తెల్లవాటినే ఏరుకున్నాయి. మేత అనుకునే మింగుతున్నాయన్న అనుమానం అప్పటిది. ఆ మాటను వాడుకలోకి తెచ్చింది 2004లో రిచర్డ్ థాంప్సన్ బృందం. 5 మిల్లీమీటర్ల లోపువే మైక్రోప్లాస్టిక్ అన్న హద్దు 2008లో ఖాయమైంది.

ఈలోగా మన దగ్గర నూలు వలలు పోయి నైలాన్ వచ్చింది. నూలు వలకు బెరడు కషాయం పట్టించకపోతే కుళ్లిపోయేది. నైలాన్‌కు ఆ బాధ లేదు, అందుకే తెగిన ముక్క ఏళ్ల తరబడి నీళ్లలోనే ఉంటుంది. తర్వాత చేతిసంచి పోయి క్యారీబ్యాగ్ వచ్చింది, నేత చీర పక్కన పాలిస్టర్ చేరింది. 6 కిలోల యాక్రిలిక్ బట్టలు ఒకసారి మెషీన్‌లో ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు రాలవచ్చని 2016లో లెక్కగట్టారు. బెజవాడ మురుగు చేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు డెల్టాకు సాగునీళ్లు కూడా మోస్తాయి. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ ఇళ్లను ముంచిన బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే.

ఏ జాతి చేపలో ఎన్ని ముక్కలు ఉన్నాయన్న అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చకండి, ఎందుకంటే కొలిచే తీరే వేరు. సాధారణంగా పేగును 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షార ద్రావణంలో 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచితే మాంసం కరిగిపోతుంది. తొందరపడి వేడి పెంచితే పాలిస్టర్, నైలాన్ కూడా దెబ్బతింటాయి. తర్వాత మిగిలిన ముక్కల్ని ఉప్పునీళ్లలో తేలుస్తారు. ఉప్పు ఎంత కలిపినా ఆ నీళ్ల సాంద్రత 1.2 దాటదు (మామూలు నీళ్లది 1). పాలిథిన్, నైలాన్ తేలతాయి. 1.38 ఉన్న పాలిస్టర్ మునిగిపోతుంది. అంటే బట్టల పోగులే లెక్క తప్పుతాయి! జింక్ క్లోరైడ్ ద్రావణమైతే అవీ తేలతాయి.

వడపోత కాగితం మీద మిగిలిన నీలి పోగు ప్లాస్టికో, జీన్స్ నుంచి రాలిన నూలో కంటితో చెప్పలేం. కాల్చిన సూది ఆనిస్తే ప్లాస్టిక్ కరిగి వంకర పోతుంది, నూలు పోగు అలా కరగదు. ఖాయం చేయడానికి ఇన్‌ఫ్రారెడ్ లాంటి పరీక్ష కావాలి, ఇన్‌ఫ్రారెడ్ కూడా సుమారు 20 మైక్రాన్ల కింద చూడలేదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). గాల్లోంచి పడే పోగుల్ని లెక్కించడానికి పక్కన ఖాళీ గిన్నె పెట్టని పరీక్షను నమ్మనక్కర్లేదు.

చట్టం సంచి మందం చుట్టూ తిరిగింది: 2016లో 50 మైక్రాన్లు, 2021లో 75, 2022 ఆఖరుకు 120. మందం పెరిగితే ఏరేవాళ్లకు గిట్టుబాటవుతుంది, నిజమే. కాలువలో పడ్డాక మాత్రం 120 మైక్రాన్ల సంచీ ముక్కలవ్వాల్సిందే.

తినేవాళ్ల సంగతికొస్తే, ముక్కలు ఎక్కువగా చేరేది పేగులో. కొర్రమీను, వాలుగ లాంటివాటికి పొట్ట చీల్చి పేగు, మొప్పలు తీసి రెండు నీళ్లు కడిగితే చాలావరకు పోతాయి. పరిగెలకైతే పొట్ట దగ్గర గోటితో గిల్లి, బొటనవేలితో నొక్కి పేగు లాగేయాలి. హడావిడిలో చాలామంది వదిలేసేది ఈ పనే. ఎండు నెత్తళ్లలో పేగు తీసే వీలే ఉండదు. పైగా 2017లో మలేషియాలో నాలుగు జాతుల ఎండు చేపల్ని పరీక్షిస్తే, రెండింటిలో పేగులో కన్నా కండలోనే ఎక్కువ ముక్కలు కనిపించాయి. ఆ నాలుగింటిలో మన కానాగంత కూడా ఉంది. దాని శాస్త్రీయ నామంలోని ‘కనగుర్త’ విశాఖ తీరంలో రాసుకున్న తెలుగు మాటే.

ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024లో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థతో పాటు మరో రెండు సంస్థలతో కలిసి ఆహారంలో మైక్రోప్లాస్టిక్ కొలిచే పద్ధతులపై పని మొదలుపెట్టింది. ఆ పద్ధతిలో నెత్తళ్లను పేగు వేరుచేసి కాకుండా, తలతో సహా మనం వేయించుకుని తినేట్టే కొలవాలి.