ఇనుము ఎక్కించి ఎంఆర్ఐ తీయడం ఎలా?

ప్రియమైన పిల్లలూ,

ఎంఆర్ఐ గదిలోకి వెళ్లేముందు వాచీ, గొలుసు, జడపిన్నులతో సహా తీయించేస్తారు కదా, మరి సూదితో ఇనుమునే రక్తంలోకి ఎక్కించి స్కాన్ తీస్తారంటే నమ్మేదెలా అని అడిగారు. మంచి అనుమానమే వచ్చింది మీకు. కాస్త వివరంగానే చెబుతాను, ఓపిగ్గా చదవండి.

ముందు స్కాన్ సంగతి. మన ఒంట్లో సగానికి పైగా నీళ్లే. నీటిలో హైడ్రోజన్ ఉంది, ఆ హైడ్రోజన్ నడిమధ్యన ఉండే ప్రోటాన్ ఒక బుల్లి అయస్కాంతం. ఆసుపత్రుల్లో మామూలుగా కనబడే ఎంఆర్ఐ యంత్రం బలం 1.5 లేదా 3 టెస్లాలు. 1.5 టెస్లా అంటేనే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు. అంత బలం మధ్య మనిషిని పడుకోబెట్టి రేడియో తరంగాన్ని పంపితే ప్రోటాన్లన్నీ ఒకే లయలో తిరుగుతూ తిరిగి సంకేతం ఇస్తాయి. తరగతిలో అందరూ కలిసి చప్పట్లు కొడితే వీధి చివరికి కూడా వినిపిస్తుంది. లయ తప్పాక ఎవరికి వాళ్లు కొడుతూనే ఉన్నా ఆ ఊపు రాదు. ప్రోటాన్ల సంకేతమూ అలాగే క్షీణిస్తుంది. ఒక్కో కణజాలంలో ఒక్కో వేగంతో క్షీణిస్తుంది కాబట్టే బొమ్మలో తెలుపు నలుపులు ఏర్పడతాయి. ఈ సంకేతాల నుంచి బొమ్మ గీయవచ్చని 1973లో చూపించినవాడు పాల్ లాటర్‌బర్. ఆ పనిని వేగంగా చేసే దారి వేసినవాడు పీటర్ మాన్స్‌ఫీల్డ్. ఇద్దరికీ కలిపి 2003లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

చిక్కల్లా ఏమిటంటే, కొన్ని కణితులు పక్కనున్న మంచి కండతో కలిసిపోయి తేడా తెలియనివ్వవు. అక్కడే ఇనుము అవసరం పడుతుంది.

ఆ ఇనుప రేణువులు ఎలా తయారవుతాయో ముందు చెబుతాను. రెండు రకాల ఇనుప లవణాలను నీళ్లలో కలిపితే పసుపు గోధుమ రంగు ద్రావణం వస్తుంది. అందులో అమ్మోనియా పోస్తే కళ్లముందే కారునలుపుగా మారిపోతుంది. ఆ నలుపే మాగ్నటైట్ అనే ఐరన్ ఆక్సైడ్. గాజు పాత్ర పక్కన అయస్కాంతం పెడితే నల్లరంగంతా అటువైపు గోడకు చేరుతుంది. రేణువులకు సరైన పూత ఉంటే, అయస్కాంతం తీసేసి కాస్త కదిపితే చాలు, మళ్లీ నీళ్లలో కలిసిపోతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టని దృశ్యం ఇది.

మీ అనుమానానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఇనుప రేణువు సుమారు 20 నానోమీటర్ల (మిల్లీమీటరులో పది లక్షో వంతే ఒక నానోమీటరు) కంటే చిన్నదైతే దాని అయస్కాంత దిశ వేడికి ఎటుపడితే అటు తిరిగిపోతూ ఉంటుంది. బయట అయస్కాంతం ఉన్నంతసేపే అది కూడా బలమైన అయస్కాంతం, తీసేస్తే ఏమీ మిగలదు. అందుకే రక్తంలో ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టవు. యంత్రం వాటిని లాగి పారేస్తుందన్న భయమూ లేదు. కత్తెర లాంటి పెద్ద వస్తువు ఆ గదిలో గాల్లో ఎగిరిపోతుంది గానీ, ఇంత చిన్న రేణువును నీటి అణువుల తాకిడే అటూ ఇటూ తోసేస్తుంది. అయినా తన చుట్టూ ఉన్న ప్రోటాన్ల లయను మాత్రం చెడగొడుతుంది. దాంతో ఆ చోటు బొమ్మలో నల్లబడుతుంది.

ఇప్పుడు కాలేయం దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఫెరిడెక్స్ అనే మందులో, సుమారు 5 నానోమీటర్ల రేణువులకు డెక్స్‌ట్రాన్ అనే చక్కెర జాతి పూత ఉండేది. కాలేయం రక్తనాళాల గోడలను అంటిపెట్టుకుని కుఫర్ కణాలు కాపలా కాస్తుంటాయి. రక్తంలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని, ముసలి ఎర్రకణాల్ని మింగడం వాటి పని. ఈ రేణువులనూ మింగేస్తాయి. కణితిలో అలాంటి కాపలా కణాలు సాధారణంగా ఉండవు. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కాలేయమంతా నల్లబడిపోతుంది, జబ్బు ఉన్న చోటు తెల్లగా బయటపడుతుంది. మందు జబ్బును వెతుక్కుంటూ వెళ్లలేదు చూడండి. మంచి కణాలు తమ పని తాము చేసుకుంటేనే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయింది!

మరి మింగిన ఇనుము ఏమవుతుంది? 60 కిలోల మనిషికి ఎక్కించేది 35 మిల్లీగ్రాముల లోపే. మన ఒంట్లో ఎప్పుడూ 3, 4 గ్రాముల ఇనుము ఉంటుంది. పాత ఎర్రకణాల నుంచి రోజుకు 20 మిల్లీగ్రాములకు పైగా తీసి కొత్తవాటికి వాడుకోవడం శరీరానికి అలవాటే. ఈ ఇనుమూ ఆ లెక్కలోనే కలిసి హిమోగ్లోబిన్‌లోకి చేరుతుంది. ఎంఆర్ఐ బొమ్మలో తేడా తెలియడానికి ఎక్కువగా వాడేది గాడోలినియం అనే మరో లోహంతో చేసిన మందు, దానికి ఈ సౌకర్యం లేదు. ఆ లోహంతో ఒంటికి పనేమీ లేదు, మూత్రపిండాలు బయటకు పంపేయాల్సిందే. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లలో కొందరికి కొన్ని రకాల గాడోలినియం మందులతో చర్మం గట్టిపడే తీవ్రమైన జబ్బు వస్తుందని 2006 ప్రాంతంలో తేలింది.

ఇన్ని సుగుణాలున్నా ఫెరిడెక్స్ నిలబడలేదు. 2008లో తయారీ ఆగిపోయింది. డ్రిప్ మెల్లగా ఎక్కించాలి, కొందరికి నడుం నొప్పి వచ్చేది. పైగా రక్తస్రావం, గాలి, కాల్షియం కూడా బొమ్మలో నల్లగానే కనబడతాయి కాబట్టి, వెలుగు చూపించే గాడోలినియం బొమ్మ చదవడమే డాక్టర్లకు తేలిక. మంచి ఆలోచన వాడుకలో వెనకబడటం నాకు బాధగానే ఉంటుంది.

అయితే కథ అక్కడితో ఆగలేదు. మూత్రపిండాల రోగుల్లో రక్తహీనత తగ్గించడానికి 2009లో అమెరికాలో ఫెరుమాక్సిటాల్ వచ్చింది. అదీ పూత వేసిన ఐరన్ ఆక్సైడ్ నానో రేణువే. గాడోలినియం పడని రోగులకు రక్తనాళాల బొమ్మ తీయడానికి కొందరు డాక్టర్లు దాన్నే వాడుతున్నారు. అరుదుగా ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వస్తుందని 2015లో గట్టి హెచ్చరిక వెలువడింది. అప్పటి నుంచి కనీసం 15 నిమిషాల పాటు మెల్లగా ఎక్కించి, తర్వాత అరగంట దగ్గరుండి చూస్తారు.

ఇంకొక సంగతి. ఈ మందు ప్రభావం ఎంఆర్ఐ బొమ్మల్లో 3 నెలల దాకా కనబడవచ్చు. ఈలోగా వేరే స్కాన్‌కు వెళ్తే ఇనుము ఎక్కించుకున్నట్టు ముందే చెప్పాలి. చెప్పకపోతే నల్లటి కాలేయాన్ని చూసి, ఇనుము పేరుకుపోయే జబ్బేమో అని డాక్టరు పొరబడవచ్చు.

ప్రేమతో,
మీ తాతయ్య