ఇంటి పన్ను ముడి పడింది 2020 నవంబరులో

ఏప్రిల్‌లో డిమాండ్ నోటీసులు చేతికొచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పాత గొడవే మళ్లీ రాజుకుంటుంది. ఒకే వీధిలో, ఒకే కొలతల్లో ఉన్నా పాతింటికి ఒక పన్ను, కొత్తింటికి ఇంకో పన్ను.

దీని మూలం 2020 నవంబరు 24న వచ్చిన జీవో 198. అప్పటిదాకా పన్నుకు ఆధారం ఏడాది అద్దె విలువ. ఆ జీవోతో అది రిజిస్ట్రేషన్ శాఖ విలువకు మారింది. నివాసానికైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, మిగతా వాటికి 0.20 నుంచి 2 శాతం. అప్పటికి మున్సిపల్ ఎన్నికలే జరగలేదు, అవి 2021 మార్చిలో జరిగాయి. అంటే కౌన్సిలర్లు కుర్చీ ఎక్కేసరికే లెక్క మారిపోయింది.

తొందర ఎందుకంటే, కరోనా వేళ రాష్ట్రాలు అదనపు అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో ఇదొకటి. ఈ షరతును ముందుగా పూర్తిచేసిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అందుకు దక్కింది 2,525 కోట్ల అప్పు తెచ్చుకునే వీలు.

ఏటా 15 శాతానికి మించి పెంచబోమని ప్రభుత్వం చెప్పింది. లెక్కేస్తే 2,000 రూపాయల పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరిగితే అయిదేళ్లకు 4,023 అవుతుంది. పైగా ఆ పరిమితి పాత పన్ను మీద. కొత్త ఇంటికి పాత పన్నే ఉండదు, 40 లక్షల విలువకు 0.10 శాతమైనా మొదటి ఏడాదే 4,000. 2025 ఫిబ్రవరి 1న రిజిస్ట్రేషన్ విలువలు పెరిగినప్పుడు అందరూ స్టాంపు డ్యూటీ గురించే మాట్లాడుకున్నారు. పన్నుకూ పునాది ఆ విలువే.

అందుకే కొనేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే అసెస్‌మెంట్ నంబరు (పన్ను కోసం మున్సిపాలిటీ ఇంటికి ఇచ్చే నంబరు)తో బకాయి చూసుకోవాలి. బకాయి ఇంటిని అంటిపెట్టుకునే ఉంటుంది, నెలకు 2 శాతం వడ్డీతో. నోటీసులో రాసిన చదరపు అడుగులు దస్తావేజుతో సరిపోతున్నాయా, కింది పోర్షన్‌ను షాపుగా రాశారా చూడాలి. తేడా ఉంటే గడువులోగా కమిషనర్‌కు రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం తగ్గుతుంది.

2021లో ఈ విధానాన్ని తప్పుబట్టిన తెలుగుదేశం 2024లో అధికారంలోకి వచ్చింది. ఆ అక్టోబరులో చెత్త పన్ను రద్దు ప్రకటించింది.