గుర్రం ఎక్కితే మాటలొస్తాయా? ఆటిజం పిల్లల గుర్రపు థెరపీపై అపోహలు - వాస్తవాలు

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. హైదరాబాద్ శివార్లలో ఒక గుర్రపుశాలలో ఆటిజం ఉన్న పిల్లలతో పనిచేస్తాను, అదీ తెల్లారగట్లే. ఎండెక్కితే పిల్లలకీ చిరాకే, గుర్రాలకీ చిరాకే. ఫోన్ చేసే అమ్మానాన్నలు మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గుర్రం ఎక్కిస్తే ఆటిజం తగ్గిపోతుంది

తగ్గదు. ఆటిజం జ్వరం లాంటిది కాదు, మెదడు ఎదిగిన తీరే వేరు. మరి ఉపయోగమేంటి? అమెరికాలోని కొలరాడోలో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలు 127 మందితో చేసిన పరిశోధన 2015లో వెలువడింది. కొందరికి పది వారాలు స్వారీ నేర్పారు. మిగతావాళ్లకి గుర్రాల గురించి పాఠాలు చెప్పారు కానీ గుర్రం దగ్గరికి పంపలేదు. స్వారీ చేసినవాళ్లలో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గాయి. నలుగురితో మసలడం, వాడే మాటలు కూడా మెరుగయ్యాయి. "ఇంతేనా?" అనిపించొచ్చు. పిల్లాణ్ణి ఏ పెళ్లికీ తీసుకెళ్లలేకపోయిన అమ్మకి మాత్రం అలా అనిపించదు.

అపోహ: గుర్రం మాటలు నేర్పుతుంది

గుర్రం ఏమీ నేర్పదు. మాట అవసరమయ్యే సందర్భాన్ని మేం తయారుచేస్తాం. పిల్లాడు జీను మీద కూర్చుంటాడు. గుర్రం కదలదు. పగ్గం పట్టుకున్న మనిషీ కదలడు. "చెప్పు నాన్నా, చెప్పు" అని ఎవరూ అనరు. పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై. అప్పుడు వాడు "ప" అన్నా, గుర్రం మెడ మీద తట్టినా, "నడువు" బొమ్మ ఉన్న కార్డు చూపించినా, ఆ క్షణమే గుర్రం అడుగేస్తుంది. కాస్త దూరం వెళ్లి మళ్లీ ఆగుతుంది. తను అడిగితేనే ఇంత పెద్ద జంతువు కదిలిందని వాడికి అర్థమవ్వాలి. అది అర్థమైన రోజు ముఖం చూస్తే తెలిసిపోతుంది.

ఇందులో కష్టమంతా కంచె అవతల నిలబడ్డ నాయనమ్మలది. ఆ ఇరవై సెకన్లు ఆగలేక "పద అను బంగారం!" అని అరిచేస్తారు. మళ్లీ మొదటికి రావాల్సిందే.

అపోహ: మొదటి రోజే గుర్రమెక్కాలి, లేకపోతే డబ్బు దండగ

ఈ తప్పు నేనూ చేశాను. ఒక తండ్రి ఫోటో కోసం తొందరపెడితే, ఏడేళ్ల బాబుకి హెల్మెట్ పెట్టేసి ఎక్కించాం. తలకి ఏదైనా తగిలితే వాడికి భరించరాని బాధ. అరిచిన అరుపుకి గుర్రమే బెదిరింది. తర్వాత నెలరోజులు వాడు గేటు దాటి లోపలికి రాలేదు. ఇప్పుడు హెల్మెట్ ముందే ఇంటికి పంపిస్తున్నాను. టీవీ చూసేటప్పుడు రెండు నిమిషాలు, తర్వాత ఐదు, అలా పెంచమంటున్నాను. కొందరు పిల్లలు వారాలకొద్దీ గుర్రానికి బ్రష్ చెయ్యడం, దాణా పెట్టడం దగ్గరే ఉంటారు. అదీ థెరపీయే.

అపోహ: బీచ్‌లో గుర్రం ఎక్కించినా ఒకటే

ఆర్కే బీచ్‌లో ఒక రౌండు సరదా. మా దగ్గర గుర్రాన్ని నడిపించడానికి ఒకరు, పిల్లాడికి చెరో పక్క ఒకరు, అంటే ఒక్క పిల్లాడికి ముగ్గురు పెద్దవాళ్లు. ఎక్కడానికి ర్యాంప్ ఉంటుంది. ఈ వారం ఏం సాధించాలో ముందే రాసుకుంటాం. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకీ వెనక్కీ, పక్కలకీ కదులుతుంది. కూర్చున్న పిల్లాడి నడుము కూడా, మనం నడిచేటప్పుడు కదిలినట్టే కదులుతుంది. పరుగెత్తిస్తే ఆ లయ పోతుంది. అందుకే మాకు రేసు గుర్రం పనికిరాదు, బద్ధకస్తుడు కావాలి.

అపోహ: గుర్రానికి పిల్లల మనసు తెలిసిపోతుంది

వాట్సాప్‌లో బాగా తిరిగే మాట. గుర్రం మనసు చదవదు, ముఖం, ఒళ్లు చదువుతుంది. ఇంగ్లాండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో 28 గుర్రాలకి మనుషుల ఫోటోలు చూపిస్తే, కోపంగా ఉన్న ముఖాలకి వాటి గుండె వేగం త్వరగా పెరిగింది. అంటే దానికీ టెన్షన్ ఉంటుంది. చెవులు వెనక్కి అణిచిపెట్టి తోక విసురుతుంటే ఆ రోజుకి సెషన్ ఆపేస్తాను. తల్లిదండ్రులు కోప్పడ్డా సరే.

అపోహ: ఏ పిల్లాడికైనా పనికొస్తుంది

కాదు. ఫిట్స్ అదుపులో లేకపోయినా, తుంటి కీలు తొలగినా, వెన్ను బాగా వంగినా, గుర్రపు బొచ్చుకి అలర్జీ ఉన్నా ఎక్కించం. డౌన్ సిండ్రోమ్ కూడా ఉంటే మెడ ఎముకల సంగతి డాక్టరు తేల్చాలి. టెటనస్ టీకా తప్పనిసరి, గుర్రపు పేడలో ఆ క్రిములు ఉంటాయి.

ఇక ఖర్చు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు కదా, సెలవుల్లోనూ దాన్ని మేపాల్సిందే. అందుకే ఫీజు ఎక్కువ. మీ దగ్గరున్న డబ్బు ఒక్కదానికే సరిపోతే స్పీచ్ థెరపీకే పెట్టండి, నా దగ్గరికి రాకండి. ఇంకా పరీక్షలే చేయించకపోతే ముందు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ (NIEPID)లో చూపించండి. వచ్చేవాళ్లు మాత్రం పిల్లలకి చెప్పులు వద్దు, బూట్లు, ఫుల్ ప్యాంటు వేసి తీసుకురండి. నాయనమ్మని కూడా తీసుకురండి, ఇరవై సెకన్లు ఆగగలిగితే.