కార్నిష్‌లో మీ వాగు, మీ లోయ: అపోహలు - వాస్తవాలు

మొన్న వాట్సాప్‌లో ఇంకో ఫోటో వచ్చింది. నల్ల పలక రాయి మీద నీట్‌గా చెక్కించిన ఇంటి పేరు, "కోథ్ మెలిన్", కింద "అన్నా ఎలా ఉంది?" అని. ఇక్కడ ఇంగ్లాండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌లో ఇల్లు కొనుక్కున్న మన తెలుగు తమ్ముడే, ఇంటి వెనక చిన్న లోయ, అందులో వాగు, వాగు మీద ఒకప్పుడు పిండి మర ఉండేదట, అందుకని "పాత మర" అని ఇక్కడి పాత భాష కార్నిష్‌లో పెట్టుకోవాలని ముచ్చట పడ్డాడు. సాయంత్రాలు కార్నిష్ క్లాసులు చెప్తాను కాబట్టి ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి, అదీ రాయి చెక్కించేశాక!

అపోహ: డిక్షనరీలో మాటలు వెతికి పక్కపక్కన పెడితే చాలు.

చాలదు నాయనా. ముందు వరసే తప్పు. కార్నిష్‌లో మామూలుగా వస్తువు ముందు, దాని గుణం తర్వాత. న్యూక్వే పక్కన కొత్తగా కడుతున్న నాన్స్‌లెడన్ ఉంది కదా, నాన్స్ అంటే లోయ, లెడన్ అంటే వెడల్పు. అసలు దెబ్బ ఇంకోటి, మాట మొదట్లో అక్షరమే మారిపోతుంది. మెలిన్ స్త్రీలింగం, అందుకని దాని వెనక వచ్చే కోథ్ కాస్తా గోథ్ అవుతుంది, మెలిన్ గోథ్. త్రె అంటే ఊరు, అదీ స్త్రీలింగమే, ముందు "ఆన్" (అంటే "ఆ") పెడితే "ఆ ఊరు" ఆన్ ద్రె. ఇది తెలీక డిక్షనరీలో "ద" దగ్గర వెతికి, దొరక్క, బోర్డు రాసినవాడికే భాష రాదని తిట్టేవాళ్లని చూశా.

మనం మాత్రం దీనికి భయపడక్కర్లేదు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు, కూర, కాయ కలిస్తే కూరగాయ, గసడదవాదేశ సంధి అని స్కూల్లో బట్టీ పట్టాం కదా. క్లాసులో ఇంగ్లీషువాళ్లు నెలల తరబడి కొట్టుకునేది దీని దగ్గరే. సూత్రాలు వేరు, కానీ "క" పోయి "గ" రావడం మన చెవికి అలవాటే. పైగా అన్నీ మారవు, గోవర్ అంటే వాగు, పుంలింగం, "ఆ వాగు" హాయిగా ఆన్ గోవర్.

అపోహ: ఊరి పేరు "లా" అనో "లాన్" అనో మొదలైతే చర్చి స్థలమే.

చాలాసార్లు నిజమే. కానీ లామోర్నా అనే ఊరు పాత పత్రాల్లో "నాన్స్"తో ఉంది, అంటే లోయ. పెన్‌జాన్స్ అనే ఊరి పేరులో నాన్స్ వెతికేవాళ్లూ ఉన్నారు, అది పెన్ సాన్స్, పవిత్రమైన కొన.

అపోహ: కార్నిష్ మాతృభాషగా మాట్లాడిన ఆఖరి మనిషని చెప్పుకునే డాలీ పెంట్రీత్ 1777లో పోయాక భాష చచ్చిపోయింది.

1904లో హెన్రీ జెన్నర్ రాసిన కార్నిష్ నేర్పే పుస్తకంతో మళ్లీ లేచింది, 2010లో యునెస్కో కూడా "అంతరించింది" అన్న ముద్ర తీసేసింది. ఇక చాలు ఈ ప్రశ్న.

స్పెల్లింగ్ గురించి కంగారు పడేవాళ్లకి: అడవిని "కె"తో రాసినా "సి"తో రాసినా కూసే, 2008లో ఒప్పుకున్న పద్ధతిలో రెండూ చెల్లుతాయి. నిద్ర పాడుచేసుకోకండి.

అపోహ: కార్నిష్‌లో గ్లాస్ అంటే నీలం.

నేను నేర్చుకునేటప్పుడు మీ దగ్గరున్న వాగు గురించి నాలుగు ముక్కలు రాయండి అన్నారు. లోయలో గడ్డి గ్లాస్, పైన ఆకాశం గ్లాస్ అని రాసి, ఏదో ఒకటి తప్పే అనుకుంటూ ఇచ్చా. రెండూ రైటే! బూడిద రంగు సముద్రం కూడా గ్లాసేనట. అమ్మమ్మ పసుపునీ పచ్చే అనేది, ఆకునీ పచ్చే అనేది, అలాగన్నమాట. సెయింట్ ఆస్టెల్ దగ్గర వాగుని ఇంగ్లీషులో గోవర్ స్ట్రీమ్ అంటారు, అంటే వాగు వాగు. ఆ ఊరి నది మాత్రం చైనా క్లే (పింగాణీ చేసే తెల్ల మట్టి) గనుల వల్ల ఒకప్పుడు పాలలా తెల్లగా పారేది, అక్కడ గ్లాస్ అని రాస్తే నవ్వేవాళ్లు.

తమ్ముడికి పలక తిప్పి వెనక వైపు చెక్కించుకోమన్నా. ఈసారి చెక్కించే ముందే ఫోన్ చేశాడు. "అన్నా, ముందు 'ఆన్' కూడా పెడితే బాగుంటుందేమో?"

"పెట్టు. ఆన్ వెలిన్ గోథ్."

"మళ్లీ మారిందా!"